కండక్టరు సంజీవయ్య తోటలో కళ్ళు తెరవని రాయి

మా వీధిలో సంజీవయ్య ఇంటిముందు నిలబడకుండా పోయిన మనిషి లేదు. కొందరు నవ్వడానికి నిలబడేవారు, కొందరు ముక్కున వేలేసుకోవడానికి. నేను మాత్రం అడగడానికి నిలబడేదాన్ని. అడగకపోతే ఎట్లా తెలుస్తుంది? ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది మాట ఇది. అప్పటికి మా నంద్యాలలో ఇంటిముందు స్థలమంటే కల్లాపి చల్లడానికి, మిరపకాయలు ఎండేసుకోవడానికి, ఎనుమును కట్టేసుకోవడానికి. అక్కడ తోట వేయాలన్న ఆలోచన ఒక్క సంజీవయ్యకే వచ్చింది.

ఆయనది పాములపాడు. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ పోయే బస్సులో కండక్టరు. ఆ బస్సు సంగతి ఎక్కినవాళ్ళకు తెలుసు. గంపలు, కోళ్ళు, పెళ్ళివాళ్ళు, చంకలో బిడ్డలు. వాళ్ళందరి మధ్యలో సంజీవయ్య పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి నడవాలి. ఎవరో ఒకరి మోచెయ్యి ఎప్పుడూ ఆయన డొక్కలోనే ఉండేది. అలవాటు కొద్దీ సొంతింటి వాకిలి కూడా పక్కకు తిరిగే దాటేవాడు. ఈ తోట నీకెందుకయ్యా అని నేను అడిగితే ఒకటే మాట చెప్పాడు.

“ఎవురూ ఎక్కని జాగా ఒకటి కావాల పెద్దమ్మా. నేనొక్కన్నే నిలబడేది.”

పాపం అనిపించింది. కానీ ఆ తోటను చూస్తే పాపమనే మాట మరిచిపోయి నవ్వొచ్చేది. ఒక పద్ధతంటూ ఉంటే కదా. బస్సు కిటికీలోంచి ఏ ఊళ్ళో ఏది బాగుందనిపిస్తే అది వచ్చి ఇక్కడ చేరేది. నడిచే దారికి బేతంచెర్ల నాపబండల ముక్కలు పగిలినవి పగిలినట్టే పరిచి, సందుల్లో గరిక నాటాడు. జిలాని సోడా కొట్టులో విరిగిన సీసాలు తెచ్చి, మూతి కిందికి పెట్టి భూమిలో గుచ్చి, పాదులకు అంచు కట్టాడు. ఊడిన బండిచక్రం గోడకు ఆనించి దాని చెక్క చువ్వల మీదికి కాశీరత్నం తీగ ఎక్కించాడు. ఎవరో దొరగారి బంగళాలో చూసిన క్రోటన్లు కిరసనాయిలు డబ్బాల్లో ఉండేవి. గులాబీ పక్కనే బ్రహ్మజెముడు. ఆయన భార్య జయలక్ష్మమ్మ, పుట్టినూరు ప్యాపిలి, మాటకు మాట అప్పజెప్పే మనిషి. చేలగట్ల మీద ముళ్ళు చాలక తొట్టిలో పెట్టి నీళ్ళు కూడా పోస్తున్నాడని నాతో చెప్పి తల కొట్టుకునేది.

రాళ్ళు ఆళ్ళగడ్డ నుంచి వచ్చేవి. అక్కడి శిల్పులు చెక్కుతూ చెక్కుతూ ఉండగా రాతిలో పగులు కనబడిందంటే ఇక దాన్ని ముట్టరు. పూజకు పనికిరాదని పక్కన పడేస్తారు. సంజీవయ్య వాటిని అడిగి తెచ్చుకునేవాడు. బస్సు మీదికి ఎక్కించి, తన జేబులోంచి డబ్బు తీసి, తనకు తానే లగేజీ టికెట్టు చింపుకునేవాడట. అట్లా ఒక చెవి లేని సింహం వచ్చింది. దాన్ని ఇంటివైపు తిప్పి కూర్చోబెట్టాడు. వీధిలో పోయేవాళ్ళకు దాని తోక మాత్రమే దర్శనం. అదేందయ్యా అంటే, సింహం చూడాల్సింది తనను గానీ వీధిని కాదన్నాడు.

ఆ తర్వాత వచ్చింది అసలు రాయి. నడుమెత్తు ఆడబొమ్మ. భుజం దగ్గర పగులు కనబడి వదిలేశారు. ముక్కు, నోరు తేలాయి గానీ ఒళ్ళు ఇంకా మొద్దుగానే ఉంది, కళ్ళ చోటు నున్నగా ఉంది. ఎందుకంటే కళ్ళు చివర్న చెక్కుతారు. కళ్ళు తెరిచేదాకా అది రాయే తప్ప దేవుడు కాదని వీరభద్రాచారి అనే శిల్పి సంజీవయ్యకు చెప్పాడు. ఈయన దాన్ని తోట నడిమధ్యన నిలబెట్టి చుట్టూ బంతి వేశాడు. శిల్పులు మెరుపు కోసం రాతికి నూనె రుద్దడం చూసి ఉన్నాడు కాబట్టి, వారం వారం ఆముదం కూడా రుద్దాడు.

ఇక చెప్పండి. నల్లరాయి, నూనె నిగనిగలు, చుట్టూ పసుపుపచ్చ పూలు, మూలన వేపచెట్టు. మా సీమలో దేవత కావడానికి ఇంతకంటే ఏం కావాలి? ఈయనొక్కడే దాన్ని తోట అనుకున్నాడు.

ఆ ఎండాకాలం పిల్లలకు అమ్మవారు పోసింది. ఎదురింటి తిరుపతమ్మ మనవడికి కూడా వచ్చింది. వేపమండల కోసం సంజీవయ్య తోటలోకి పోయిన తిరుపతమ్మ, రాయిని చూసి చేతిలో ఉన్న పసుపునీళ్ళు దాని మీద కుమ్మరించింది. పిల్లవాడికి తగ్గింది. తగ్గక ఏమవుతుంది, అందరి పిల్లలకూ తగ్గింది. కానీ మంగళవారం వచ్చేసరికి వీధి వీధంతా కలశాలతో వరుస కట్టింది. గరిక నలిగిపోయింది. సోడా సీసాల అంచు మీద కొబ్బరికాయలు కొట్టారు. క్రోటన్ డబ్బాకు ఎవరో కోడిని కట్టేశారు; అది ఆకులన్నీ తినేసి కూర్చుంది.

డ్యూటీ దిగి వచ్చిన సంజీవయ్య, అలవాటు ప్రకారం పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి తన తోటలోకి తానే దూరాడు. తిరుపతమ్మ ఆయన్ను మోచేత్తో నెట్టింది.

“ముందుకు జరుగప్పా. వెనకోళ్ళకు కనపడొద్దా?”

రోజంతా తాను జనాన్ని అనే మాట అది. ఆయన ముఖం చూడాలి అప్పుడు. అయినా ఓపిగ్గా చెప్పాడు, దానికింకా కళ్ళు తెరవలేదు, వట్టి రాయి అని. తిరుపతమ్మ ఒప్పుకుంటుందా?

“కండ్లు మూసుకుంటే అమ్మ కాదా? నువ్వు బస్సులో నిలబడే కునుకు తీస్తావే, అప్పుడు నువ్వు కండక్టరు కాదా?”

రాయిని తీసేద్దామంటే ఎత్తడానికి ఒక్కరూ రాలేదు. అమ్మను కదిలిస్తే వీధికి కీడని హమాలీలు కూడా చెయ్యి వేయలేదు. పైగా పెద్దమనుషులు చెట్లన్నీ కొట్టేసి, రేకుల కొట్టం వేసి, వచ్చే మంగళవారం డప్పులతో జాతర చేద్దామని తీర్మానించారు. జయలక్ష్మమ్మ మొగుణ్ణి నిలదీసింది. గుడి అన్నా ఉండాలి, తానన్నా ఉండాలి. కొట్టం గుంజ పాతిన రోజు తాను ప్యాపిలి పోతానంది. ఆమె అన్న మాట చేసే మనిషి. తోట పోతుంది, పెండ్లామూ పోతుంది. సంజీవయ్య రెండు పూటలు అన్నం తినలేదు.

సోమవారం సెలవు పెట్టి ఆళ్ళగడ్డ పోయి వీరభద్రాచారిని వెంటబెట్టుకొచ్చాడు. శిల్పి చెబితేనైనా వింటారని ఆశ. వాళ్ళు వింటే కదా. ఎట్లాగూ మనిషి ఉలి సంచితోనే వచ్చాడు కాబట్టి, కళ్ళు తెరిచే పోవాలని పట్టుబట్టారు. సంజీవయ్య నెత్తిన చేతులు పెట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు.

చారి అరుగు మీద కూర్చుని కాఫీ అడిగాడు. జయలక్ష్మమ్మ కాఫీ తెచ్చిచ్చి, కొంగు దోపుకుని, నడుమున చెయ్యి పెట్టుకుని అక్కడే నిలబడింది. నిలబడి మొగుణ్ణి, మమ్మల్ని, ఆళ్ళగడ్డ రాళ్ళను, ఆ రాళ్ళు ఇచ్చిన చారిని వరసగా కడిగేసింది. చారి కాఫీ చల్లారినా తాగకుండా ఆమెనే చూస్తూ ఉన్నాడు. చివరికి సరే తెరుస్తానన్నాడు. పనయ్యేదాకా లోపలికి ఎవరూ రాకూడదని చెప్పి, చుట్టూ దుప్పట్లు కట్టించాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం దాకా ఉలి చప్పుడే. నేను మా మిద్దె ఎక్కి చూశాను, వేపకొమ్మ అడ్డం. పిట్టగోడ మీదికి వంగాను, అప్పుడు దుప్పటి అడ్డం. నా జన్మలో అంత అవస్థ పడలేదు.

మంగళవారం సాయంత్రం డప్పులు వచ్చి నిలబడ్డాక దుప్పట్లు తీశారు. రాతి మనిషికి కళ్ళు వచ్చాయి. కొంచెం చికిలించిన కళ్ళు, ఇప్పుడే ఏదో అనబోతున్నట్టు. ముక్కుకు బేసరి, పక్కకు వేసిన కొప్పు, దోపిన కొంగు, నడుమున చెయ్యి. డప్పులు వాటంతటవే ఆగిపోయాయి. హారతి పళ్ళెం పట్టుకున్న తిరుపతమ్మ రాయిని చూసి, మెట్ల మీదున్న జయలక్ష్మమ్మను చూసి, మళ్ళీ రాయిని చూసింది. కొళాయి దగ్గర ఇద్దరికీ పొద్దునే పోట్లాట అయింది.

“ఇది మన జయలక్ష్మమ్మ కదప్పా” అంది.

చారి ఉలులు తుడిచి సంచిలో వేసుకుంటూ చెప్పాడు. “రాయిలో పగులుండాది తల్లీ. అమ్మవారిని చేస్తే తప్పు. మనిషిని చేస్తే తప్పులేదు. మనుషులకు యాడో ఒక చోట పగులు ఉంటానే ఉంటాది.”

జయలక్ష్మమ్మకు మొక్కే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తిరుపతమ్మ కాసేపు అటూ ఇటూ చూసి, తెచ్చిన కుంకుమ వృథా కాకుండా జయలక్ష్మమ్మ నొసటనే పెట్టి ఇంటికి పోయింది. ఆమె వెనక వీధి కూడా పోయింది. డప్పులవాళ్ళు మజ్జిగ తాగి పోయారు.

సంజీవయ్య మాత్రం కదలలేదు. అసలు గండం ఇప్పుడుంది ఆయనకు. జయలక్ష్మమ్మ మెట్లు దిగి, రాయి చుట్టూ ఒకసారి తిరిగి, ముఖంలోకి వంగి చూసింది.

“నా ముక్కు ఇంత లావుండాదా?”

ఆయన నోరు మెదపలేదు. ఆ సంసారంలో ఆయన చేసిన తెలివైన పనుల్లో నాకు తెలిసి అదొకటి. ఆమె ప్యాపిలి ఊసు ఎత్తలేదు, లోపలికి పోయి పొయ్యి రాజేసింది.

నాలుగు రోజుల తర్వాత నేను మజ్జిగ తోడు కోసం పోతే జయలక్ష్మమ్మ మిట్టమధ్యాహ్నం తోటలో ఉంది. రాతి నెత్తిన చెయ్యి పెట్టి చూసి, చటుక్కున తీసుకుంది. సాయంత్రం మొగుడు బస్సు దిగి రాగానే వాకిట్లోనే పట్టుకుంది.

“ఏందయ్యా, నన్ను ఇట్ల ఎండలో నిలబెట్టి నువ్వు బస్సెక్కి పోతాండావ్. నెత్తి కాలిపోతాంది. పందిరన్నా వెయ్యి.”

మరుసటి ఆదివారం గుంజలు పాతారు. ఆయన గుంజ పట్టుకుంటే ఆమె మెట్ల మీద నుంచి ఇటు జరుపు, అటు జరుపు అని చెప్పింది. తోట పని ఆమె ముట్టడం నేను చూసింది అప్పుడే. గోడ మీద నుంచి తల పెట్టి, దీని మీదికి ఏ తీగ పాకిస్తారని అడిగాను.

“మల్లె” అన్నాడు ఆయన. “బీర” అంది ఆమె.

చివరికి ఆ పందిరి మీద రెండూ పాకాయి.