ఎడం చేతి ఆట

నా చిన్నప్పుడు టెక్కలిలో మా వీధి పిల్లలందరిలోకీ కర్రాబిళ్ళ ఆడటంలో నన్ను మించినవాళ్ళు లేరు. గొప్ప కోసం చెప్పటం లేదు. ఆ రోజుల్లో పగిలిన పెంకులూ, ఒకరిద్దరి నుదుటి మీద మిగిలిపోయిన మచ్చలూ అందుకు సాక్ష్యం. బిళ్ళ కొసని కర్రతో తట్టి పైకి లేపి, గాల్లో ఉండగానే వొళ్ళంతా తిప్పి ఒక్కటి కొడితే అది వీధి చివర కిళ్ళీకొట్టు దాటి పడేది. మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, అరుగు మీద కూర్చుని తల పట్టుకునేది. పదకొండేళ్ళ పిల్లని, వీధిలో మగపిల్లలు కూడా నాకు భయపడుతుంటే పొగరుగా ఉండక ఏం చేస్తాను?

ఒకరోజు పక్కింటి మావయ్య ఆఫీసు నుంచి వస్తూ ఆ దెబ్బ చూశాడు. మావయ్య మాకు చుట్టం కాదు. మా నాన్నా ఆయనా ఒకే ఆఫీసులో గుమస్తాలు. ఉద్దానంలో వాళ్ళకి కొబ్బరితోటా, కాస్త జీడితోటా ఉండేవి గాని ఆయన మనసు వాటి మీద ఉండేది కాదు. సాయంత్రం అయిందంటే హైస్కూలు మైదానంలో బాల్ బ్యాడ్మింటన్ ఆడాల్సిందే. వల కట్టి, పసుపుపచ్చ ఉలెన్ బంతిని బ్యాట్లతో ఇటూ అటూ కొట్టే ఆట అది. ఇప్పటి పిల్లలు పేరు కూడా విని ఉండరు. మా వైపు గుమస్తాలూ మాస్టార్లూ అప్పట్లో ఆ ఆట కోసం పడి చచ్చేవారు, టెక్కలిలో దానికి మావయ్యే మొనగాడు.

"ఏటమ్మా, ఇంత మంచి సెయ్యి పెట్టుకుని బిళ్ళలు కొట్టుకుంతన్నావు? బంతాటకి రా, నేర్పుతాను" అన్నాడు.

ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. ఆడపిల్ల మైదానంలో గెంతడమేమిటని మామ్మ రెండు పూటలు అన్నం మానేసింది. మా నాన్న స్నేహితుడి మాట కాదనలేక, తల్లి మాట తీసెయ్యలేక మధ్యే మార్గం వెతికాడు. "ఎండాకాలం సెలవులయ్యేదాకా నేర్సుకో. నిలబడితే బళ్ళో ఆడపిల్లల జట్టులో ఆడుకుందువు గాని. మద్దిలో మానీసినావంటే మరింక బ్యాటూ గీటూ అని నోరెత్తకూడదు" అన్నాడు. మరుసటి ఏడు నాకు ఓణీలు వేస్తారని అమ్మావాళ్ళు అప్పటికే అనుకుంటున్నారు. ఓణీ వేశాక వీధిలో కర్రాబిళ్ళ ఉండదు. పరుగెత్తడానికి నాకు మిగలబోయే చోటు ఆ మైదానం ఒక్కటే, అది చేజారితే ఇక ఏమీ లేదు. ఆ సంగతి నాకు బాగానే తెలుసు.

మొదటి రోజు నా కర్రాబిళ్ళ దెబ్బే బంతికీ కొట్టాను. అది వల దాటి, గీత దాటి, ఎక్కడికో పోయింది. చూసినవాళ్ళు భలే భలే అన్నారు. ఆట వచ్చేసిందనుకున్నాను. మర్నాటి నుంచి మావయ్య ఆ దెబ్బని విడగొట్టి సరిచెయ్యడం మొదలుపెట్టాడు. బ్యాట్ పట్టుకునే తీరు మార్చాడు. వొళ్ళు తిప్పొద్దు, మణికట్టు తిప్పమన్నాడు. కాళ్ళు ఇలా కాదు, అలా అన్నాడు. సర్వీసు నడుము కింద నుంచి రావాలన్నాడు. భావనపాడు వైపు నుంచి సాయంత్రం తోసుకొచ్చే సముద్రపు గాలికి ఉలెన్ బంతి ఎటు వాలుతుందో ముందే లెక్క కట్టమన్నాడు. ఇవన్నీ ఒక్కసారి బుర్రలో పెట్టుకుని కొట్టబోతే బంతి నా కాళ్ళ దగ్గరే పడేది. లేకపోతే బ్యాట్ అంచుకి తగిలి పక్కకి పోయేది. చాలాసార్లు అసలు తగిలేదే కాదు. బంతి నేల మీద, బ్యాట్ గాల్లో, నేను రెండింటికీ మధ్య వెర్రిదానిలా.

మైదానం ప్రహరీ గోడ మీద పిల్లలు వరసగా కూర్చుని ఉండేవారు. నా బ్యాట్ గాలిని కొట్టినప్పుడల్లా వాళ్ళు నోటితో "తుస్స్" మని చప్పుడు చేసేవారు. అందులో సగం మంది నా కర్రాబిళ్ళకి భయపడ్డవాళ్ళే. రోజులు గడుస్తున్నకొద్దీ నా ఆట బాగుపడటం మాట అటుంచి, నేర్చుకోకముందు వచ్చిన పాటి కూడా రాకుండా పోయింది. ఉన్నదీ పోయె ఉంచుకున్నదీ పోయె అన్నట్టయింది నా పని. అసలు మావయ్యకి ఆడటం వచ్చుగాని నేర్పడం రాదేమోనని నాకు అనుమానం పట్టుకుంది. ఆడలేక మద్దెల ఓడు అంటారే, ఆ మాట నా కోసమే పుట్టిందని ఇంకో పక్క మనసులోనే అనుకునేదాన్ని. పెద్ద వీధిలోంచి కాకుండా సందుల్లోంచి ఇంటికి వచ్చేదాన్ని. "ఏటి నేర్సుకున్నావే ఇయ్యాల?" అని మామ్మ అడిగితే నూతి దగ్గర చప్పుడయ్యేలా నీళ్ళు గుమ్మరించుకుని కాళ్ళు కడుక్కునేదాన్ని.

అలా ఉండగా పలాస నుంచి ఒక జట్టు స్నేహంగా ఆడటానికి వచ్చింది. ఆట మొదలవకముందు మావయ్య ముచ్చటపడి నన్ను పిలిచాడు. "మా పిల్ల. సర్వీసు సూడండి" అని పలాసవాళ్ళకి చెప్పి బంతి నా చేతికిచ్చాడు. ఆయన అలా అనకుండా ఉంటే ఎంత బాగుండేదో! మొదటిది తగల్లేదు. రెండోది వల కింద నుంచి దొర్లిపోయింది. గోడ మీద నుంచి తుస్సులు మొదలయ్యాయి. నాకు కళ్ళు కనబడలేదు. మణికట్టూ కాళ్ళూ అన్నీ మరిచిపోయి, వొళ్ళంతా తిప్పి నా పాత కర్రాబిళ్ళ దెబ్బ కొట్టాను. బంతి తగల్లేదు. బ్యాట్ మాత్రం చేతిలోంచి జారి, గిరగిరా తిరుగుతూ వెళ్ళి పలాసవాళ్ళు టీలు తాగుతున్న బల్ల మీద పడింది. గ్లాసులు ఎగిరాయి. ఒకాయన తెల్ల ప్యాంటు టీతో తడిసిపోయింది.

మైదానమంతా నవ్వింది. ప్యాంటు తడిసినాయన కూడా మంచివాడే, నవ్వుతూనే అన్నాడు. "ఏటి బావా, పిల్లకి బంతాట నేర్పుతన్నావా, కర్రాబిళ్ళ నేర్పుతన్నావా?"

మావయ్య ముఖం ఎర్రబడటం చూశాను. నాకు తల కొట్టేసినట్టయింది. నా పరువు పోతే పోయింది, టెక్కలి మొనగాడి పరువు కూడా నా చేతుల్లోనే పోయింది. అక్కణ్ణించి ఎలా ఇల్లు చేరానో తెలియదు.

మర్నాడు కడుపునొప్పి అన్నాను. ఆ మర్నాడూ అదే అన్నాను. మామ్మ ముఖం వెలిగిపోయింది. నాకు మజ్జిగన్నం కలిపి పెడుతూ, "దానంతటదే మానీసినాది. నేను సెప్పలేదేటి?" అని మా అమ్మతో అంది. మా నాన్న ఆదివారం దాకా చూస్తానని, ఆ తరవాత మావయ్య ఇచ్చిన బ్యాట్ ఆయనకి తిరిగి ఇచ్చేస్తానని అన్నాడు. బ్యాట్ గూట్లో ఉంది. దాని వైపు చూడటానికి కూడా నాకు సిగ్గుగా ఉండేది. మైదానం పోతోందని తెలుస్తూనే ఉంది. అయినా మళ్ళీ ఆ గోడ ముందు నిలబడటం కంటే జన్మంతా అరుగు మీద మామ్మ పక్కన కూర్చుని బియ్యం ఏరుకోవడమే నయమనిపించింది.

శనివారం సాయంత్రం పక్కింటి అత్తయ్య, మావయ్య భార్య, మా పెరటి గోడ దగ్గరకి వచ్చింది. "మీ మావయ్య నిన్ను రమ్మన్నాడమ్మా. బ్యాట్ వొద్దంట. ఊరికే సూడ్డానికంట" అంది. చూడటానికే కదా అని మైదానానికి వెళ్ళి, ప్రహరీ గోడ మీద చివరన, ఎవరికీ కనబడకుండా ఒదిగి కూర్చున్నాను.

ఆట మొదలైంది. మావయ్య ఎడం చేత్తో బ్యాట్ పట్టుకున్నాడు. చేతికి దెబ్బ తగిలిందేమోనని అందరూ అనుకున్నారు. మొదటి సర్వీసు ఎడం చేత్తోనే వేశాడు, తగల్లేదు. వంగి బంతి తీసుకుని మళ్ళీ వేశాడు. అది వల దాకా కూడా వెళ్ళలేదు. గోడ మీద పిల్లలు ముందు నమ్మలేక ఊరుకున్నారు, తరవాత ఒకడు మెల్లగా "తుస్స్" అన్నాడు. ఆ పైన ఇక ఎవరూ ఆగలేదు. నాకూ నవ్వొచ్చింది, దాచుకోవడం ఎందుకు? కాసేపయ్యాక నవ్వు పోయింది. కళ్ళు మూసుకుని కుడి చేత్తో ఆడినా గెలిచే మనిషి, నెరిసిన జుట్టుతో, చెమటతో తడిసిన బనీనుతో, అంతమంది ముందు గాలిని కొడుతున్నాడు. బంతి పక్క నుంచి పోతోంది. జట్టులోవాళ్ళు విసుక్కుంటున్నారు.

"సెయ్యి నొప్పా ఏటి?" అని ఒకాయన గట్టిగానే అడిగాడు.

"లేదు. నేర్సుకుంతన్నాను" అన్నాడు మావయ్య.

ఎవరినీ బంతి అందివ్వనియ్యలేదు. పడిన ప్రతిసారీ తనే వెళ్ళి, వంగి, దుమ్ము దులిపి తెచ్చుకున్నాడు. నేను గోడ మీద తల దించుకుని నా గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను. నా కోసమే అని నాకు అర్థమైంది. ఎందుకో మాత్రం అర్థం కాలేదు. నా సిగ్గు కంటే ఆయన కోసం పడిన సిగ్గు పెద్దదై కూర్చుంది.

ఆట అయ్యాక వచ్చి నా పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రొప్పుతున్నాడు. నీతులు చెబుతాడని, పట్టుదల గురించి ఏదో అంటాడని ఎదురుచూశాను.

"సిగ్గేసీసిందమ్మా" అన్నాడు. "ఇలాగుంతాదని మర్సిపోనాను. నాకు వొచ్చీసి శానా ఏళ్ళయిపోనాది కదా, రానోలకి ఎలాగుంతాదో మర్సిపోయి నీకు నేర్పీస్తన్నాననుకున్నాను. వొకేపాలి అన్నీ సెప్పీసినాను. పైగా నలుగురి ముందరా నిలబెట్టీసినాను. తప్పు నాదే."

నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే, అన్నాళ్ళూ మనసులో నలుగుతున్నది అడిగేశాను. "మావయ్యా, నువ్వు నేర్పుతంటే నాకు వొస్తన్నాదా, పోతన్నాదా?"

ఆయన పిల్లల్ని ఊరుకోబెట్టడానికి పెద్దవాళ్ళు చెప్పే మాట చెప్పలేదు. "తెలీదమ్మా. నాకూ తెలీదు. రేపు ఇంకెవులూ రాకముందే వొచ్చీ. నువ్వు కుడి సేత్తో, నేను ఎడం సేత్తో. ఇద్దరం సూద్దాం" అన్నాడు.

ఆ సెలవులు మిగిలినన్నాళ్ళూ ఎండ వాలకముందే ఇద్దరం ఖాళీ మైదానానికి వెళ్ళాం. ఒక రోజుకి ఒక్కటే. మణికట్టు రోజు మణికట్టే, కాళ్ళ గొడవ లేదు. నాకు ఏది కష్టమో ఆయన తన ఎడం చేతిని అడిగి తెలుసుకునేవాడు. ఇద్దరి బంతులూ వల కింద కలిసి దొర్లేవి. తుస్సుమన్నప్పుడల్లా మొదట ఆయనే నోటితో చప్పుడు చేసేవాడు, దాంతో ఆ తరవాత వచ్చి చేరే గోడ మీదవాళ్ళకి పని లేకుండా పోయింది.

సెలవుల చివర మా నాన్న చూడటానికి వచ్చాడు. నా సర్వీసుల్లో కొన్ని వలకి తగిలాయి, కొన్ని దాటాయి. ఒకటి మాత్రం గాలికి వంగి, గీత లోపల మెత్తగా వాలింది.

"వొచ్చీసినట్టేనా?" అని నాన్న అడిగాడు.

"ఇంకా రాలేదు" అన్నాడు మావయ్య. "అందుకే పిల్ల రావాల."

నాన్న నవ్వేసి సరేనన్నాడు. మామ్మ మళ్ళీ రెండు పూటలు అన్నం మానేసింది. నేను ఓణీ కొంగు నడుముకి బిగించి బళ్ళో జట్టులో ఆడాను. గొప్పగా ఏమీ ఆడలేదు. ఎక్కువసార్లు పక్కన కూర్చుని నీళ్ళు అందించాను, కొన్నిసార్లు లోపలికి పిలిచారు. మావయ్యకి ఎడం చెయ్యి చివరిదాకా రాలేదు.

ఇప్పుడు నేను ఉద్యోగం నుంచి రిటైరై విశాఖలో ఉంటున్నాను. మోకాళ్ళకి మంచిదని మా కోడలు నన్ను గోల్ఫ్ నేర్చుకునే చోట చేర్పించింది. చిన్న బంతి, పొడుగు కర్ర, ఇది మన కర్రాబిళ్ళే కదా అని ధీమాగా వెళ్ళాను. గడ్డి పెళ్ళలు లేస్తున్నాయి గాని బంతి లేవటం లేదు. నేర్పే అబ్బాయి మంచివాడు. మోచెయ్యి, భుజం, నడుము, చూపు అన్నీ ఒక్క ఊపిరిలో చెబుతాడు. వెనక బెంచీ మీద నా వయసు మగవాళ్ళు కూర్చుని ఉంటారు. వాళ్ళు వేరే దేనికో నవ్వుకున్నా నా చెవులు వేడెక్కిపోతాయి. ఇన్నేళ్ళొచ్చాయి, ఇంకా అదే సిగ్గు. నాకేమైనా వస్తోందా బాబూ అని అడిగితే, "బాగా ఇంప్రూవ్ అయ్యారు మేడమ్" అంటాడు పాపం, బంతి వైపు చూడకుండా.

మొన్న ఒకరోజు ఉండబట్టలేక, ఒక్కసారి కర్ర తిరగేసి ఎడం చేతివాటంగా కొట్టి చూపించమన్నాను. సరదాకి అంటున్నాననుకుని నవ్వుతూ కొట్టాడు. బంతి కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. బెంచీ మీద ఎవరో దగ్గారు. ఆ అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. అడిగినందుకు నాకే బాధేసింది. ఆ బంతి వైపే చూస్తూ, "మేడమ్, మీకు ఎక్కడ కష్టంగా ఉంది?" అన్నాడు. చేరినప్పటి నుంచి నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి.

నాకు గోల్ఫ్ వస్తుందో రాదో తెలియదు. సిగ్గు మాత్రం ఈ వయసులో ఇక పోదు. అది వచ్చినప్పుడల్లా తడిసిన బనీనుతో మావయ్య కనబడతాడు, గోడ మీద అందరూ నవ్వుతుండగా తనే వెళ్ళి బంతి దగ్గర వంగుతూ. బెంచీ వైపు చూడకుండా నేనూ వెళ్ళి, మోకాళ్ళు పట్టుకుని, నా బంతి దగ్గర వంగుతాను.