ప్రాసెసర్ మీద నేను పెట్టిన చుక్క

రెండేళ్ల కిందటి ఎండాకాలం. అమీర్‌పేటలో మాది కంప్యూటర్లు అసెంబుల్ చేసి అమ్మే షాపు. పంజాగుట్టలో యానిమేషన్ స్టూడియో నడిపే ప్రసాద్ గారు మా దగ్గర ఆరు మెషీన్లు చేయించుకున్నారు. అన్నింటిలోనూ ఒక పెద్ద చిప్ కంపెనీ ప్రాసెసర్లే. ప్రాసెసరంటే కంప్యూటర్‌కి మెదడు లాంటిది.

మూడో నెల నుంచి ఒక్కొక్కటీ పని మధ్యలో ఆగిపోసాగాయి. ప్రసాద్ గారు షాపుకొచ్చి, గొంతు పెంచకుండానే అడిగారు.

"నిజం చెప్పండమ్మా. వాడేసిన చిప్‌లు కొత్తవని పెట్టారా?"

లేదన్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మెషీన్లన్నీ బిగించింది రహీమ్ భాయ్, పదకొండేళ్లుగా మాతో ఉన్న మనిషి. ఆయన ర్యామ్ మార్చి చూశాడు, పవర్ సప్లై మార్చి చూశాడు, చివరికి చిప్పే చెడ్డదన్నాడు. కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లేమో బిగించడంలోనే లోపమని తిప్పి పంపారు. అంత పెద్ద కంపెనీ మాటే నమ్మాను. కొత్త చిప్‌లు బయట అమ్ముకుని పాతవి పెడుతున్నాడేమోనని, రహీమ్ భాయ్ టీకి వెళ్లినా ఎవరిని కలుస్తున్నాడా అని చూసేదాన్ని.

ఆగిపోయిన మెషీన్లలో ఒకదానికి ఇంకో కొత్త ప్రాసెసర్ తెప్పించి, మారిస్తే తెలిసిపోవాలని, రహీమ్ భాయ్‌కిచ్చే ముందు అంచున మార్కర్‌తో సన్నటి చుక్క పెట్టాను. రెండు నెలలకు ఆ మెషీనూ ఆగిపోయింది. ప్రసాద్ గారి ముందే నేనే విప్పాను. చుక్క అలాగే ఉంది.

కొన్ని వారాలకు కంపెనీయే ఒప్పుకుంది. వోల్టేజ్ అవసరానికి మించి వెళ్లి చిప్ లోపల దెబ్బతింటోందట. అప్పటికే జనం పోటీ కంపెనీ చిప్‌లు అడుగుతున్నారు, వీళ్లు ఉద్యోగుల్ని తీసేస్తున్నారని వార్తలు. అలాంటప్పుడు లోపం ఒప్పుకుంటే ఉన్న అమ్మకాలూ పోతాయని ఇన్నాళ్లూ నెట్టుకొచ్చారేమోనని నా అనుమానం ఇప్పటికీ పోలేదు. ఏమైతేనేం, వారంటీ పెంచి ఆరు చిప్‌లూ మార్చిచ్చారు.

రహీమ్ భాయ్‌కి సంగతి చెప్పబోతే ఆయనే అన్నాడు.

"బిగించేటప్పుడే చూసిన మేడమ్, గా చుక్క. జర అడిగుంటే నేనే చెప్పెటోణ్ని."

తప్పయిందన్నాను. ఫికర్ చెయ్యొద్దన్నాడు గానీ, ఆ నెలాఖరుకి వేరే షాపులో చేరాడు.

ప్రసాద్ గారు ఇప్పటికీ మా దగ్గరికే వస్తారు. ఏ మెషీన్ మొరాయించినా ఇప్పుడు ముందు దాన్ని బిగించిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడుగుతాను. ఆ మనిషి చెప్పింది కాగితం మీద రాసుకున్నాకే సర్వీస్ సెంటర్ మెట్లెక్కుతాను.