రెండు వేళ్ళ గుడ్డ

ఆసుపత్రి వెనక వీధిలో, మెట్ల కింది గదిలో ఇరవై రెండేళ్ళుగా మిషను తొక్కుతున్న ఆమెను అందరూ సూదక్క అనే పిలుస్తారు. అన్నేళ్ళలో ఎవరితోనూ "కుదరదు" అన్న పాపాన పోలేదు. అనుంటే కుడి భుజం ఇంత త్వరగా మొరాయించేది కాదేమో. చెయ్యి చెవి దాకా లేవడం మానేశాక డాక్టరు ఒకటే మాట చెప్పాడు: పని సగానికి తగ్గించు, లేకపోతే మొత్తం మానేయాల్సి వస్తుంది. సగమంటే ఎవరి పని ఉంచాలి, ఎవరిది వదలాలి? అది మాత్రం ఆయన చీటీ మీద రాయలేదు.

ఆమె మేనకోడలు చిన్న వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్ళకు పాఠాలు చెప్తుంది. అత్త సంగతి విని, ఒక కాగితం పట్టుకుని వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఊరందరికీ కుడతానంటే ఇట్లాగే ఉంటుందత్తా. ఒక్క మనిషిని మనసులో పెట్టుకో. ఆవిడ ఎవరు, ఏం కావాలని వస్తుంది? ఆవిడ లాంటివాళ్ళకే కుట్టు. మిగతావాళ్ళకి ఓ దణ్ణం పెట్టెయ్."

"మనసులో పెట్టుకోడానికి తీరికెక్కడిదే? ముందు ఈ కాజా కుట్టనీ."

"నీకెందుకు శ్రమ, నేనే పెట్టుకున్నాలే. ఎదురు మేడలో మేడమ్. నెలకి నాలుగు గౌన్లు, మంచి మజూరీ, వెంట ఇద్దరు స్నేహితురాళ్ళు."

అందులో తప్పు పట్టడానికేం లేదు. ఆసుపత్రి పనివాళ్ళ బట్టలకు చాకిరీ కొండంత, చేతికొచ్చేది గోరంత. పైగా అవి కొత్తగా కుట్టేవి కూడా కావు. కాంట్రాక్టరు ఏడాదికి రెండు జతల నీలం యూనిఫారాలు, మూడే సైజుల్లో పడేస్తాడు. మనుషులు మూడు సైజుల్లోనే పుడతారని ఆయనకెవరు చెప్పారో! గోనెసంచుల్లా వేలాడే ఆ చొక్కాలను తమ ఒళ్ళకు సరిచేయించుకునే ఖర్చు మళ్ళీ ఆ ఆడవాళ్ళదే. సూదక్క పక్కలు పట్టేసేది గానీ, మిగిలిన గుడ్డను కోసేది కాదు. రెండు వేళ్ళ వెడల్పున లోపలే మడిచి వదిలేది. ఒళ్ళు ఎప్పుడూ ఒక్కలా ఉండదు కదా, విప్పుకోవాలంటే గుడ్డ ఉండాలి.

మేనకోడలి మాట మీద ఒప్పుకున్న గౌన్లలోనూ ఆ అలవాటు చూసి మేడమ్ పెదవి విరిచింది. "ఇదేంటి, పక్కల్లో ఇంత లావుగా? కోసిపారెయ్. నేనేమన్నా లావెక్కుతానా?"

సూదక్క కోసింది. ఆ తర్వాత ఆర్నెల్లూ ఎక్కువగా మేడమ్‌వీ, స్నేహితురాళ్ళవీ గౌన్లే. కుట్టు పక్కనే కత్తెర నడపడం చేతికి అలవాటైపోయింది.

ఒక మధ్యాహ్నం ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే బుల్లెమ్మ వచ్చింది. ఎత్తు తక్కువని తోటివాళ్ళు పెట్టిన పేరది. సంచిలోంచి చొక్కా తీసి, గొంతు తగ్గించింది.

"అక్కా, పక్కలు విప్పెయ్. బొత్తాం పట్టట్లేదు. ఐదో నెల."

"పిచ్చిదానా, మంచి మాట చెప్తూ దొంగలా గొణుగుతావేంటే?"

"తెలిస్తే తీసేస్తారక్కా. కిందటేడు మాలో ఒకమ్మాయిని అట్లాగే పంపేశారు. ఇంకో రెండు నెలలు లాగితే చాలు."

సూదక్క చొక్కా తిరగేసింది. లోపల మడత లేదు. కుట్టు వెంటే, నున్నగా, మేడమ్ గౌనుకు కోసినట్టే కోసేసి ఉంది. ఐదారు నెలల కిందట తన చెయ్యి చేసిన నిర్వాకం.

"ఏమైందక్కా?"

"గుడ్డ లేదే. నేనే కోసేశాను."

బుల్లెమ్మ తిట్టలేదు. "రెండో జత కూడానా?" అని మాత్రం అడిగింది. అదీ అంతే. తిట్టినా బాగుండేదనిపించింది సూదక్కకి.

కొత్త గుడ్డ అతికితే రంగు పట్టిచ్చేస్తుంది. ఉడికి ఉడికి వెలిసిన ఆ నీలం ఏ కొట్లోనూ దొరకదు. సాయంత్రం దాకా ఆలోచించి, కొలతల పుస్తకం తీసి పేజీలు తిప్పింది. లోపల గుడ్డ వదిలిన చొక్కాలు ఎవరెవరివో అందులో ఉన్నాయి. కాళ్ళీడ్చుకుంటూ ఆసుపత్రి గేటు దగ్గరికి వెళ్ళి నిలబడింది. డ్యూటీ దిగి వస్తున్న వార్డు పెద్దమ్మను పక్కకు పిలిచి, చొక్కా లోపలి మడత గుడ్డ అడిగింది.

"తీసుకోవే. నేనింక లావెక్కేదేముంది, ఉన్నదే కరిగిపోతుంటే!" అంది పెద్దమ్మ. వెనకే వస్తున్న వంటగది ఆవిడ, "నాది మాత్రం వద్దు తల్లీ, నేనింకా పెరుగుతున్నా," అని నవ్వి, వెళ్తూ వెళ్తూ ఆగి, "సరేలే, ఒక వైపుది తీసుకో," అంది.

మూడు రోజులు పట్టింది. చంక కింద నుంచి అంచు దాకా పీలికలు అతికి, చెయ్యి పక్కన పెడితే కనపడకుండా కుట్టింది. భుజం నిప్పుల కుంపటిలా మండింది. బుల్లెమ్మ తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చి చూసుకుంది. ఒక్క బొత్తామూ లాగలేదు.

అదే వారం మేడమ్ కొత్త గుడ్డ తెచ్చింది. సూదక్క దాన్ని ముట్టుకోకుండా, "కుదరదండీ," అంది. మేడమ్ ఎంత తెల్లబోయిందో, సూదక్కా అంత తెల్లబోయింది. నోటినుంచి ఆ మాట రావడం అదే మొదలు.

సంగతి తెలిసి మేనకోడలు పరుగెత్తుకొచ్చింది. తను అప్పుడు వదిలి వెళ్ళిన కాగితం ఇంకా మిషను మీదే ఉంది. 'నా కస్టమరు' అన్నచోట అత్త వంకర అక్షరాల్లో రాసి ఉంది: కుట్టు విప్పించుకోడానికి మళ్ళీ వచ్చే మనిషి.

"వీళ్ళని నమ్ముకుని ఎట్లా బతుకుతావత్తా?"

"సగమే కదే. పూర్తిగా ఎప్పుడు బతికాం గనక?" సూదక్క కళ్ళద్దాలు తుడుచుకుంది. "ఆ మాటలకేం గానీ, మేకుకున్న ఆ కత్తెర కాస్త అందివ్వు. నాకు చెయ్యి లేవట్లేదు."