టీచరమ్మ దిగిన లాడ్జి

పోయిన ఆదివారం మా కింది వాటా టీచరమ్మ కన్నుమూశారు. గుడిలో, అంటే ఆమె వెళ్లే చర్చిలో, ఆరాధన ముగిసి అందరూ లేచారట, ఆమె మాత్రం పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద అలాగే కూర్చున్నారట. కునుకు పట్టిందేమో అనుకుని పక్కావిడ భుజం తట్టి చూసింది. అప్పటికే ప్రాణం పోయింది. రాంగోపాల్‌పేట్‌లో మా సందు మొత్తానికి ఆమె టీచరమ్మే, నాకూ అంతే. నా చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్న మనిషి గురించి ఇలా రాయాల్సి వస్తుందని అనుకోలేదు.

గుంటూరు వైపు నుంచి పెళ్లైన కొత్తలో వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆమె భర్తా బడిపంతులే. ఆయన్ని మాస్టారూ అనేవాళ్లం. టీచరమ్మకు ఒక అలవాటుండేది. గడప దాటితే చాలు, తలుపు పక్కన మేకుకు పలక తగిలించేవారు. సుద్దముక్కల సంచీ కూడా ఆ మేకుకే వేలాడేది. "కూరగాయలకు వెళ్లాను. వచ్చేస్తాను." "పోస్టాఫీసుకు వెళ్లాను. వచ్చేస్తాను." పిల్లలు వాడే మామూలు పలకే, గుండ్రటి అక్షరాలు. మా అమ్మకు అది చూస్తే నవ్వాగేది కాదు.

"గా సందు చివరికి పోయెటందుకు సుత పలకనా టీచరమ్మా?"

"వచ్చినవాళ్లు తలుపు కొట్టి కొట్టి ఉసూరుమంటూ పోతారండీ. ఓ మాట చెప్పి వెళితే మన సొమ్మేం పోయింది?" అనేవారామె.

షట్టర్ దించేసి బోర్డు పెట్టని దుకాణాలంటే ఆమెకు మహా కోపం. మర్నాడు వెళ్లి మరీ చీవాట్లు పెట్టొచ్చేవారు.

ఇక లాడ్జి సంగతి. కొన్నేళ్ల కిందట ఒక చిన్న సినిమా వచ్చింది. కొండల్లో ఓ పాత లాడ్జి, అందులో దిగినవాళ్ల కథ. సినిమా వారం తిరక్కుండానే వెళ్లిపోయింది గానీ, ప్రచారం కోసం ఆ లాడ్జి పేరు మీద పెట్టిన వెబ్‌సైట్ మాత్రం మిగిలిపోయింది. ఆ ఊరూ లేదు, ఆ లాడ్జీ లేదు. అయినా మన పేరు కొడితే తెర మీద కిటికీ తెరుచుకుని బయట వాన పడేది. మేనేజరు పలకరించేవాడు: "మీ గది సిద్ధంగా ఉంది. వేన్నీళ్లు పెట్టించాం." కింద గెస్ట్ బుక్ ఉండేది. దిగినవాళ్లు రెండు ముక్కలు రాయొచ్చు, మిగతావాళ్లు రాసినవి చదువుకోవచ్చు.

అప్పటికి మాస్టారు మంచాన పడ్డారు. రిటైరయ్యాక అరకు వెళ్దామనుకున్న మొగుడూపెళ్లాలు ఆసుపత్రి తప్ప ఇంకో చోటు ఎరుగరు. ఊసుపోక నేనే ఒకరోజు ఆ సైట్ చూపించాను. ఇంకేముంది! సాయంత్రం కుటుంబ ప్రార్థన కాగానే ఇద్దరూ లాడ్జికి ప్రయాణం. మాస్టారు చెప్పడం, టీచరమ్మ ఒంటి వేలితో కొట్టడం. "ఇవాళ చలి ఎక్కువగా ఉందమ్మాయ్, శాలువా తీసుకెళ్తున్నాం" అని నాతో అనేవారు. లేని లాడ్జికి ఈ ముస్తాబేమిటని నేను ఆటపట్టించేదాన్ని. మాస్టారు పోయాక కూడా ఆమె వెళ్లడం మానలేదు. కొత్తగా ఏమీ రాసేవారు కాదు. ఆయన రాయించినవి చదువుకుని వచ్చేవారు.

ఒక సాయంత్రం కింది నుంచి కేకేశారు. "అమ్మాయ్, ఓసారి రా. లాడ్జి తెరుచుకోవట్లేదు."

వెళ్లి చూశాను. వాన లేదు, కిటికీ లేదు. ఈ పేరు అమ్మకానికి ఉందని నాలుగు ఇంగ్లీషు ముక్కలున్నాయి.

"మరి మాస్టారు రాసినవో?" అన్నారు.

ఆ ముఖం నేను మర్చిపోలేను. ఆయన పోయిన రోజు కూడా అంత బిక్కచచ్చి చూడలేదామె.

తిప్పలు పడి సినిమా వాళ్ల నంబరు సంపాదించాను. టీచరమ్మ తనే మాట్లాడతానని ఫోన్ తీసుకున్నారు. అవతలి అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. "మేడమ్, అది పబ్లిసిటీ కోసం పెట్టింది. నిజం లాడ్జి కాదు కదా."

"నిజం కాదని నాకు తెలుసు బాబూ. రాసినవాళ్లు నిజం. పోయేటప్పుడు చెప్పి పోవాలి కదా? ఒక్క ముక్క పెట్టి ఉంటే మా మూటాముల్లె మేం సర్దుకునేవాళ్లం."

అతని దగ్గరా ఏమీ మిగల్లేదట.

ఆ సైట్ పోయిందని బాధపడేవాళ్లు ఇంకా ఉన్నారని తర్వాత తెలిసింది. అల్వాల్‌లో మెడికల్ షాపు నడిపే ఒకతను ఫేస్‌బుక్‌లో రాసుకుంటే, మౌలాలి నుంచి ఒక నర్సమ్మ కింద ఏడుపు బొమ్మ పెట్టింది. టీచరమ్మకు చెప్పాను. "ఒకే చోట దిగినవాళ్లం. ఓసారి టీకి పిలువు" అన్నారు.

ఇద్దరూ వచ్చారు. అల్వాల్ అతను పాత పేజీలు దొరికే చోటల్లా వెతికాడట. కిటికీ బొమ్మ దొరికింది గానీ గెస్ట్ బుక్ దొరకలేదు. టీచరమ్మ తలూపి బిస్కెట్ల ప్లేటు ముందుకు జరిపారు. అప్పుడతను అన్నాడు:

"గానీ టీచరమ్మా, మాస్టర్ సాబ్ రాసింది నాకు యాదికుంది. 'గది బాగుంది. దుప్పటి ఒక్కటే ఇచ్చారు, దాన్ని మా ఆవిడ లాక్కుంది.' గిరాకీ లేనప్పుడు చదువుకుంట నవ్వెటోణ్ణి."

"అన్యాయం! లాక్కునేది ఆయనే!" అని టీచరమ్మ పడీపడీ నవ్వారు. ఆయన పోయాక ఆమె అలా నవ్వడం అదే మొదలు.

నర్సమ్మ మెల్లగా గొంతు సవరించుకుంది. "నాకొకటి యాదికుంది మేడమ్. 'మేనేజరు గారూ, నేను ముందు గది ఖాళీ చేస్తే మా ఆవిడను తొందరపెట్టకండి. నెమ్మదిగా రానివ్వండి.' డ్యూటీల తక్లీఫ్ అయినప్పుడల్లా గా మాటే తలుసుకుంట."

టీచరమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. "ఆ మాట నాకొక్కదానికే గుర్తుందనుకున్నానమ్మా" అని మాత్రం అనగలిగారు. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఆ తర్వాత వాళ్లిద్దరూ అప్పుడప్పుడు వచ్చిపోతూనే ఉన్నారు. టీచరమ్మ వాళ్లను మా లాడ్జి వాళ్లు అనేవారు. మేనేజరు కూడా మాస్టారి మాట మన్నించినట్టే ఉన్నాడు, ఆమెను తొందరపెట్టలేదు.

ఆ ఆదివారం కూడా తలుపు పక్కన పలక ఉంది. "గుడికి వెళ్లాను. పన్నెండుకల్లా వచ్చేస్తాను." చర్చిలోనే ఉన్న డాక్టరు నాడి చూసి చెప్పాక, అంబులెన్సులో ఇంటికి తీసుకొచ్చారు. బండి మా సందు మలుపు తిరిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. అమ్మ పలక వంక చూసి, "చెప్పిన యాళకే వచ్చినవా తల్లీ" అని కూలబడిపోయింది.

సమాధి కార్యక్రమం అయ్యాక లాడ్జి వాళ్లిద్దరూ మాతోపాటు ఇంటిదాకా వచ్చారు. తాళం వేసిన తలుపు ముందు అల్వాల్ అతను ఆగాడు. తర్వాత మేకుకు వేలాడే సంచీలోంచి సుద్దముక్క తీసి, ఆమె అక్షరాల కింద తన వంకరటింకర రాతతో రాశాడు: "మీ గది సిద్ధంగా ఉంది. వేన్నీళ్లు పెట్టించాం."

పలక ఇంకా అక్కడే ఉంది. అమ్మ రోజూ పొద్దున్నే మా వాకిలితో పాటు ఆ వాకిలీ ఊడ్చి, పలక చెక్క అంచుల్ని కొంగుతో తుడుస్తోంది. అక్షరాలకు మాత్రం చెయ్యి తగలనివ్వడం లేదు.