హట్టి షిఫ్టు బస్సు

మా వియ్యంకుడు సూర్యారావు గారు కిందటేడు విశాఖపట్నంలో ఓడెక్కి మూడు రేవులు తిరిగొచ్చారు. అప్పటినుంచి ఆయనకు ఏ ఊరైనా రేవే. ఈ మధ్య ఆయనా, మా వియ్యపురాలు రాజ్యలక్ష్మి గారూ మంత్రాలయం దర్శనం చేసుకుని రాత్రికి రాయచూరులో మా ఇంట్లో దిగారు. మర్నాడు రాత్రి ఏడు దాటాక సికింద్రాబాద్ రైలు. "పగలంతా మనదే చెల్లెమ్మా. ఓడవాళ్ళు రేవులో దింపేసి, చెప్పిన టైముకి రాకపోతే మీ ఖర్మ అంటారు. మనమూ అలాగే పద్ధతిగా చూద్దాం" అన్నారు. బజార్లో మాది కిరాణా దుకాణం. మూడు తరాలుగా ఇక్కడే ఉన్నాం గానీ, ఈ ఊళ్ళో చూడ్డానికేముందని అడిగినవాళ్ళు ఆయనకు ముందు ఒక్కరూ లేరు. దుకాణం మా ఆయనకు అప్పగించి బయల్దేరాను.

రెండు రైళ్ళ మధ్య ఒక పగలు దొరికేవాళ్ళు మీలోనూ ఉంటారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కోట పొద్దున్నే చూసేయాలి. దీపావళి దాటినా మా ఎండకు సిగ్గుండదు, తొమ్మిదికే నెత్తి మాడుతుంది. బస్టాండు నుంచి కోటకు నడిచే పోవచ్చు, ఆటోవాడు దూరమని చెబితే నమ్మకండి. గోడలో ఒక పెద్ద శాసనం రాయి ఉంది. అంత రాయిని బండి మీద ఎలా లాక్కొచ్చారో ఆ బొమ్మ కూడా అక్కడే చెక్కి పెట్టారు. మేము ఆరున్నరకల్లా అక్కడున్నాం. సూర్యారావు గారు రాయికి ఈ పక్కనా ఆ పక్కనా నిలబడి ఫోటోలు దిగారు.

రాజ్యలక్ష్మి గారు మాత్రం రాయి వైపే చూడలేదు. నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళి, "వదినగారూ, ఇక్కణ్ణుంచి హట్టి ఎంత దూరం?" అని అడిగారు.

హట్టి మా జిల్లాలోనే ఉన్న బంగారు గని ఊరు. ఆవిడ తండ్రి ఆ గనిలో పనిచేశారట. తొమ్మిదేళ్ళు వచ్చేదాకా ఆవిడ పెరిగింది అక్కడి క్వార్టర్స్‌లోనే. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రికి నైట్ షిఫ్టు పడిన వారమంతా ఈ పిల్ల పక్కింటి హంపమ్మ దగ్గర పడుకునేది. "ఆవిడని ఒక్కసారి చూడాలండీ. ఉందో లేదో కూడా తెలీదు. మళ్ళీ ఇటు ఎప్పుడొస్తానో" అంటూనే కళ్ళు తుడుచుకున్నారు. మరి ఇన్నేళ్ళూ అన్నయ్యగారికి చెప్పలేదా అంటే, "ఎవరూ అడగలేదు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో చెప్పలేను. "బస్సుల రెండు గంటలు, అంతే వదినగారూ. నడువండి, అన్నయ్యగారికి నేను చెప్త" అన్నాను.

సూర్యారావు గారు వాచీ చూసుకుని, లెక్క వేసుకుని, ఒంటిగంటన్నర బస్సుకి తిరుగు ప్రయాణమైతే సరేనన్నారు. ఎనిమిది గంటల బస్సు దొరికింది. కర్ణాటక ఆడవాళ్ళకు మామూలు సర్కారు బస్సుల్లో టికెట్ ఉచితం, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. వేరే రాష్ట్రంవాళ్ళు మాత్రం డబ్బులిచ్చుకోవాలి. నాది ఉచితం, మగపెళ్ళివారిది కాదు అని కండక్టర్ చెబుతుంటే నాకు నవ్వాగలేదు. "మీ ఊళ్ళో ఆడవాళ్ళదే రాజ్యం చెల్లెమ్మా" అన్నారు సూర్యారావు గారు, చిల్లర వెతుక్కుంటూ.

సిరవార దగ్గర పడేసరికి రోడ్డుకు రెండువైపులా వరి. కోత మిషన్లు, ట్రాక్టర్లు అడ్డం పడి బస్సు నత్తనడక నడిచింది. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద సాగు చేసుకునే రైతుల ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. ఒక క్యాంపు పెద్దాయన మా ముందు సీట్లో కూర్చుని, మా మాటలు విని వెనక్కి తిరిగాడు. "వైజాగా అండీ? మా నాన్న ఇక్కడికొచ్చేటప్పుడు నాకు నడక రాలేదంట. ఈసారి ఆఖరి తడికి నీళ్ళందాయి, బతికిపోయాం" అని, దిగేముందు మా ముగ్గురికీ జామకాయలిచ్చి వెళ్ళాడు.

హట్టిలో పదిన్నరకు దిగాం. గని లోపలికి ముందే అనుమతి లేనిదే పంపరు. గేటు దగ్గర ఫోను పైకెత్తకండి, కాపలావాళ్ళు ఊరుకోరు. మేము నేరుగా పాత క్వార్టర్స్‌కు వెళ్ళాం. రాజ్యలక్ష్మి గారు ఏ వరసలో తిరగాలో కాసేపు తడబడ్డారు గానీ ఇల్లు పట్టేశారు. పక్కింటి గుమ్మంలో ఒకామె గిన్నెలు తోముతోంది. హంపమ్మ ఇల్లేనా అని నేను కన్నడలో అడిగితే, "ఏ షిఫ్టు వాళ్ళు?" అని ఎదురడిగింది. ఆ ఊళ్ళో మనిషి ఆచూకీ షిఫ్టును బట్టే తెలుస్తుంది. "నైట్ షిఫ్టు" అని రాజ్యలక్ష్మి గారు ఠక్కున చెప్పారు. ఆమె పకపకా నవ్వింది. షిఫ్టు వారం వారం మారుతుంది కదమ్మా, నిన్నమొన్న చూసినట్టు చెబుతున్నావే అంది.

అయినా మంచి మనిషి. చేతులు కడుక్కుని వచ్చి ఆరా తీసింది. హంపమ్మ బతికే ఉంది. భర్త రిటైరవగానే క్వార్టర్స్ ఖాళీ చేసి సిరవార వెళ్ళిపోయారు. కొడుకు మౌనేశ్ ఈ గనిలోనే పని, ఈ వారం మొదటి షిఫ్టు. ఇప్పుడు భూమి లోపల ఉన్నాడు, ఫోను అందదు. మూడింటికి పైకి వచ్చి, సిరవార మీదుగా రాయచూరు వెళ్ళే షిఫ్టు బస్సెక్కుతాడు. సిరవారలో ఇల్లెక్కడో ఆమెకు తెలియదు.

బస్టాండు పక్క హోటల్లో మండక్కి ఒగ్గరణె తిన్నాం. అంటే తాలింపు పెట్టిన బొరుగులు, పక్కన మిర్చి బజ్జీ. హట్టి వెళితే తప్పక తినండి, కానీ మంచినీళ్ళు దగ్గర పెట్టుకుని తినండి. ఒంటిగంటన్నర బస్సు వచ్చి నిలబడింది. సూర్యారావు గారు లేచారు. "పదండి. షిఫ్టు బస్సంటే రాయచూరు చేరేసరికి ఆరవుతుంది, దార్లో టైరు పేలిందంటే రైలు గోవిందా."

"నేనెక్కనండి" అన్నారు రాజ్యలక్ష్మి గారు.

"ఏంటీ?"

"రైలు పోతే పోనీండి. ఆవిడని చూడకుండా నేనీ ఊరు కదల్ను."

ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆయన ఇలాంటి మాట విన్నట్టు లేదు. నావైపు చూశారు. నేను మిర్చి బజ్జీ వైపు చూశాను. బస్సు వెళ్ళిపోయింది. ఆయన మూతి ముడుచుకుని టీ మీద టీ తాగుతూ కూర్చున్నారు.

షిఫ్టు బస్సు మూడింటికే సిద్ధమైంది గానీ కదలదు. చివరి మనిషి స్నానం చేసి వచ్చేదాకా డ్రైవర్ ఇంజనే వెయ్యడు, అది అక్కడి పద్ధతి. సూర్యారావు గారు రెండుసార్లు లేచి అడిగారు. "మా మందిని వదిలేసి పోవాల్నా సార్?" అన్నాడు డ్రైవర్. తడి తలలతో కార్మికులు ఒక్కొక్కరే ఎక్కుతుంటే, మౌనేశ్ ఎవరని నేను ప్రతివాణ్ణీ అడుగుతూ పోయాను. చివర్లో ఎక్కిన నలభై ఏళ్ళ మనిషి, "నేనే. ఏందమ్మా?" అన్నాడు.

చెబితే వెంటనే ఇంటికి ఫోను చేశాడు. "అవ్వ బస్టాండుకొస్తనన్నది. అయిదు నిమిషాలు ఆగుతది బస్సు, అందుకుంటదో లేదో" అన్నాడు. ఇక్కడ తల్లిని అవ్వ అంటారు. సిరవార వచ్చేదాకా రాజ్యలక్ష్మి గారు సీటు అంచున కూర్చునే ఉన్నారు. బస్టాండులో మౌనేశ్ దిగి నాలుగువైపులా వెతికాడు. హంపమ్మ లేదు. కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు గేటు దాటుతుంటే ఒక ముసలామె రోడ్డు మధ్యకు వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. కొడుకు వెనకే పరిగెత్తుకొచ్చి రెండు మాటలు మాట్లాడిస్తే చాలనుకున్నాడు. ఆమె కమ్మీ పట్టుకుని పైకి ఎక్కేసింది.

"యాడికవ్వా?" అన్నాడు మౌనేశ్ కిందనుంచి.

"రాయచూరుకు. ఇంట్ల రొట్టెలున్నయి, తిను పో" అని కొంగులోంచి ఆధార్ కార్డు తీసి కండక్టర్ చేతిలో పెట్టింది.

సూర్యారావు గారు ఎవరూ చెప్పకుండానే లేచి సీటిచ్చారు. రాయచూరు దాకా నిలబడే వచ్చారు. రాజ్యలక్ష్మి గారు ఆమె భుజం మీద తలపెట్టి ఏడ్చారు. తర్వాత దారంతా ఆగకుండా మాట్లాడారు. నాన్న సంగతి, పెళ్ళి, కొడుకు, కోడలు, అంటే మా అమ్మాయి. హంపమ్మ "ఔ తల్లీ, ఔ" అంటూ తల నిమురుతూ కూర్చుంది. "నెత్తికి నూనె పెట్టుకో, ఎండిపోయింది" అంది ఒకసారి.

ఆరుంబావుకు రాయచూరు చేరాం. రైలు వేళకు ఇంకా గడువుంది. హంపమ్మ స్టేషన్‌కూ వచ్చింది, రైలు కదిలేదాకా కిటికీ వదల్లేదు. ఆమెను సిరవార బస్సెక్కించడానికి మళ్ళీ బస్టాండుకు తీసుకొచ్చాను. అక్కడ బెంచీ మీద కూర్చున్నాక మెల్లగా అంది.

"నాకు ఆ పిల్ల యాదికి రాలేదమ్మా. ఎంత చూసినా రాలేదు. నైట్ షిఫ్టు ఇండ్ల పిల్లలంత మా ఇంట్లనే పండుతుండ్రి. నడిమింట్ల వరసగ చాపలేస్తుంటి. ఎవరు ఏ పిల్లో ఎట్ల తెలుస్తది?"

"మరి గింత దూరం ఎందుకొచ్చినవమ్మా?"

"గట్ల వెతుక్కుంట వస్తే నువ్వెవరని అడుగుదునా?"

ఆమె బస్సు వెళ్ళాక ఇంటిదారి పట్టాను. కాళ్ళు లాగుతున్నాయి, మనసు బాగాలేదు. సగం దారిలో రైల్లోంచి రాజ్యలక్ష్మి గారి ఫోను. పెద్దావిడని బస్సెక్కించారా అని అడిగారు. ఎక్కించానన్నాను. ఇంకేమైనా అడిగేలోపే ఫోను పెట్టేద్దామనుకున్నాను.

"ఆవిడకి నేను గుర్తులేను వదినగారూ. నా పేరు ఒక్కసారీ అనలేదు, బస్సులోనే తెలిసిపోయింది నాకు" అన్నారావిడ. నేను రోడ్డు పక్కన ఆగిపోయాను. ఆవిడే మళ్ళీ అన్నారు.

"గుర్తులేని మనిషి కోసం ఎవరు బస్సెక్కుతారండీ?"