అమ్మ ముట్టని రొట్టె

పోయిన నెల మా మనవరాలు నన్ను తిరుపతిలో కొత్తగా కట్టిన పెద్ద చర్చికి తీసుకుపోయింది. గోడంత తెర, దాని మీద పాటల అక్షరాలు, మెత్తటి కుర్చీలు, చలికి చేతులు ముడుచుకోవలసినంత ఏసీ. మందుల వేడికి నా జుట్టంతా రాలిపోయి కొన్నాళ్లుగా తలకు నూలు గుడ్డ చుట్టుకుంటున్నాను, పాట పాడడానికి అందరితో పాటు లేచి నిలబడేసరికి ఆ గుడ్డ కాస్తా జారి భుజం మీద పడింది. నున్నటి తలకు చల్లగాలి తగలగానే మా అక్క గుర్తుకొచ్చింది, అక్క వెంటే మా పెద్దనాయన గుర్తుకొచ్చాడు, ఆయన వెంటే కోపం వచ్చింది. ఆయన పోయి ఎన్నో ఏళ్లయింది, కోపం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఈ వయసులో ఇదేం బుద్ధి అని మనవరాలి ఈడు వాళ్లు అనుకోవచ్చు గానీ, నా ఈడు వాళ్లు అలా అనరని నమ్మకం.

డెబ్బైల చివరి సంవత్సరాలు. మేం చిత్తూరులో ఉండేవాళ్లం. నాయన ఒక ప్రైవేటు బస్సుకు డ్రైవరు, వారంలో సగం రోజులు ఇంట్లోనే ఉండడు. మా చర్చి పెంకులు కప్పిన చిన్న కట్టడం, చాపల మీద ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చునేవాళ్లు. పాస్టరుగారు నాలుగైదు ఊళ్లకు ఒక్కరే కాబట్టి నెలకోసారి, మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఇవ్వడానికి, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె విరిచి రసంతో పంచడానికి మాత్రం వచ్చేవారు, మిగిలిన పెత్తనమంతా సంఘపెద్దగా మా పెద్దనాయనది. నాయనకు సొంత అన్న, బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి, మాకు రెండు వీధుల అవతలే ఇల్లు. బల్లకు కావలసిన రొట్టె, ద్రాక్షరసం మా అమ్మ చేతి మీదుగానే జరిగేవి. శనివారం ఎండు ద్రాక్ష నానబెట్టి, ఉడికించి, తెల్ల గుడ్డలో వేసి పిండేది. ఆదివారం తెల్లవారుజామునే తలకు స్నానం చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా గోధుమపిండి కలిపి, పులియని రొట్టెలు కాల్చేది. ఆ వాసనకు మాకు నోరూరేది గానీ అడిగే ధైర్యం ఉండేది కాదు.

పెద్దనాయన గురించి ఉన్నమాట చెప్పాలి, లేకపోతే నా కోపానికి విలువ ఉండదు. మా సంఘంలో సారాయికి అలవాటుపడిన మగవాళ్లను మాన్పించింది ఆయనే. అందరిలో ఒక్కమాట అనేవాడు కాదు. పొద్దుగూకే వేళకు ఆ ఇంటికి తనే నడిచిపోయి, మంచం మీద పక్కన కూర్చుని, వాళ్లిచ్చిన మంచినీళ్లు తాగి, ఆ మనిషి చెయ్యి పట్టుకుని, గడప అవతల నిలబడిన భార్యకు కూడా వినపడనంత మెల్లగా మాట్లాడి వచ్చేవాడు. తప్పు చేసినవాడితో మొదట ఒంటరిగా మాట్లాడమని వాక్యంలో ఉన్నదాన్ని అక్షరాలా పాటించిన మనిషి. అలాగని తప్పును తప్పు కాదని ఎవరితోనూ అనలేదు. చెప్పవలసింది చెప్పేవాడు, కానీ పక్కన కూర్చుని చెప్పేవాడు. ఆ పద్ధతి ఆయనకు తెలియకపోయి ఉంటే నేను ఎప్పుడో మర్చిపోయేదాన్ని. తెలిసీ మా అక్క దగ్గరికొచ్చేసరికి దాన్ని పక్కన పెట్టాడు.

అక్కకు అప్పుడే తిరుపతిలో టీచరు ఉద్యోగం వచ్చింది. కొండ కింద ఒక వైష్ణవుల ఇంట్లో గది తీసుకుని ఉండేది. చేరిన కొన్ని నెలలకే టైఫాయిడ్ పట్టుకుంది. మేం కంగారు పడతామని మాకు కబురు పెట్టనివ్వలేదు. ఇంటామె, గుళ్లో కొలువున్న కుటుంబం ఆమెది, మడీ ఆచారం అన్నీ పక్కన పెట్టి అక్కకు గంజి తాగించింది, బట్టలుతికింది. జ్వరం దిగాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలడం మొదలైతే, మొత్తం తీసేస్తే మళ్లీ ఒత్తుగా వస్తుందని మంగలిని ఇంటికే పిలిపించింది. కొండ మీదికి పోతే మీ వాళ్ల మనసు కష్టపడుతుంది, ఇంట్లోనే కానిద్దామని ఆమే అన్నదట. మా దేవుణ్ణి ఎరగని మనిషికి ఉన్న ఆలోచన అది. చివరికి సంగతి తెలిసి అమ్మ పరుగున పోయి, ఒక శనివారం సాయంత్రం అక్కను బస్సులో ఇంటికి తెచ్చింది. తిరుపతి బస్సు దిగిన గుండు తలను చిత్తూరు బస్టాండులో మా సంఘంవాళ్లు ఎవరో చూశారు.

మర్నాడు బల్ల ఆదివారం. బతికి బయటపడ్డందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవాలని అక్క పట్టుబట్టింది. నిలబడే ఓపిక లేకపోయినా తల నిండా కొంగు కప్పుకుని అమ్మకూ నాకూ మధ్యన కూర్చుంది. అమ్మ కాల్చిన రొట్టె పళ్లెంలో తెల్ల గుడ్డ కింద ఉంది. పాస్టరుగారు ఆ గుడ్డ తీయబోతుండగా పెద్దనాయన లేచాడు. కొండకు మొక్కుకుని తల ఇచ్చి వచ్చినవాళ్లకు ఈ బల్లలో పాలు లేదనీ, రక్తసంబంధమైనా సరే సంఘం ఉపేక్షించదనీ, అలాంటివాళ్లు లేచి వెనక చెప్పుల దగ్గరికి పోవాలనీ అన్నాడు. పేరు ఎత్తలేదు. ఎత్తే అవసరం లేకుండా చాపల మీది తలలన్నీ మా వైపు తిరిగాయి. అక్క కొంగును నుదుటి మీదికి ఇంకా లాక్కుంది. నాయన మగవాళ్ల వైపు తల వంచుకుని కూర్చున్నాడు. అన్నకు ఎదురు చెప్పడం ఆయనకు పుట్టుకతో చేతకాలేదు. అమ్మ లేచి, అక్క చెయ్యి పట్టుకుని, నా వైపు ఒక చూపు చూసి బయటికి నడిచింది. మా వెనక రొట్టె విరవడం మొదలైంది.

ఆ మధ్యాహ్నం నాయన చొక్కా వేసుకుని అన్నకు సంగతి చెప్పి వస్తానని బయల్దేరబోతే అమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

"వచ్చి అడగాల్సింది మీ అన్న. మనంతట మనం పోయి చెప్పుకునేదానికి ఏముండాది?"

అంతటితో మా ఇంట్లో ఆ మాట మూతపడింది. నిజం మా దగ్గర ఉంది, అది ఆయనకు చెప్పకపోవడమే మా పగ. నాకు ఆ పగ చాలా నచ్చింది. అప్పుడే స్కూలు చదువు ముగిసిన పిల్లను, రోజూ సాయంత్రం గడపలో కూర్చుని వీధి చివరికి చూసేదాన్ని, ఆయన రాకుండా ఉంటే బాగుండునని. ఆయన ఎన్ని రోజులు రాకపోతే అంత తప్పు ఆయన నెత్తిన పెరుగుతుందని నా లెక్క. ఆయన రాలేదు. అక్క మాత్రం అందరికీ చెప్పేస్తే ఏం పోయిందని ఒకటి రెండుసార్లు ఏడ్చి, అమ్మ మొహం చూసి ఊరుకుంది. ఉద్యోగానికి తిరిగిపోయాక కూడా నెలకోసారి వచ్చి, అమ్మతో పాటు వెనక చెప్పుల దగ్గర కూర్చునేది. చిన్నప్పటి నుంచీ బల్ల అంటే ప్రాణం పెట్టిన పిల్ల, పళ్లెం దూరంగా తిరుగుతుంటే కళ్లు మూసుకునేది.

మామిడికాయల కాలంలో తిరుపతి ఇంటామె కోర్టు పని మీద చిత్తూరు వచ్చి, మా ఇంటికి దారి అడిగింది ఎవరినో కాదు, పెద్దమ్మనే. టైఫాయిడ్ వచ్చిన టీచరమ్మ ఇల్లు ఎక్కడ అని అడిగిందట. పెద్దమ్మ తనే ఆమెను మా వీధి దాకా దిగబెట్టి, ఇంటికి పోయి పెద్దనాయనకు అంతా చెప్పింది. ఇక వస్తాడని నాయన ఆశపడి వాకిట్లో కుర్చీ కూడా వేశాడు. ఆయన ఇంటికి రాలేదు. ఆ నెల బల్ల ఆదివారం సంఘం ముందు నిలబడి, మా కుమార్తెను సంఘం క్షమించి తిరిగి బల్లలో చేర్చుకుంటున్నదని ప్రకటించాడు.

అమ్మ చెప్పుల మధ్య నుంచి లేచి నిలబడింది. చర్చిలో ఆడమనిషి గొంతు పాటలో తప్ప వినపడని రోజులవి.

"ఏ తప్పుకు క్షమించినారు బావా? నా బిడ్డ చేసిన తప్పేందో చెప్పి క్షమించండి. మా ఇల్లు యాడుండాదో మీకు తెలుసు. వచ్చి అడగండి. అంతవరకూ నేనూ నా బిడ్డలూ ఆ రొట్టె ముట్టం."

ముట్టలేదు. కానీ చెయ్యడం మానలేదు. ఇక వేరేవాళ్లకు అప్పగించమని నాయన అంటే, రొట్టె దేవుడిది, కోపం నాది అని ఒక్క మాటతో తేల్చేసింది. ప్రతి నెలా అదే పిండి, అదే తెల్ల గుడ్డ. పళ్లెం తీసుకుపోయి పెద్దనాయన చేతుల్లోనే పెట్టేది, ఒక్క మాట మాట్లాడకుండా. వెనక కూర్చోవడం మానేసి మమ్మల్ని ముందు చాప మీదే కూర్చోబెట్టేది. ఆయన ఆ రొట్టెనే పట్టుకుని వరుసగా అందరికీ ఇస్తూ మా ముందుకు వచ్చి ఆగేవాడు. అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని ఆయన మొహంలోకి చూసేది, అక్క తల వంచుకునేది, నేను కూడా అమ్మలాగే చూసేదాన్ని. పరలోక ప్రార్థనలో, మేం ఇతరులను క్షమించినట్టు మమ్మల్ని క్షమించు అనే మాట దగ్గరికి వచ్చేసరికి అమ్మ పెదవులు కలిసిపోయేవి, ఆ మాట దాటాక మళ్లీ విడిపోయేవి. ఏళ్లు గడిచినకొద్దీ మా ముందు ఆ పళ్లెం వణకడం మొదలుపెట్టింది. అది చూసి నాకు కలిగిన తృప్తిని ఏ పండగా ఇవ్వలేదు. ఇవాళ కూడా ఆ తృప్తికి నేను సిగ్గుపడను.

మరి ఆయన రెండు వీధులు ఎందుకు నడవలేకపోయాడు? చాలాకాలం తర్వాత పెద్దమ్మ చెప్పింది. తమ్ముడి ఇంటికి పోయి గుట్టుగా మాట్లాడితే సొంతవాళ్లను దాచుకున్నాడని సంఘం అంటుందని భయపడ్డాడట. తాగుబోతుల దగ్గర పోని పరువు మా దగ్గర పోతుందనుకున్నాడు. మా అక్క బోడితల మీద నిలబడి తన నీతి అందరికీ చూపించుకున్నాడు. ఇది విన్నాక నా కోపం తగ్గుతుందని పెద్దమ్మ అనుకుంది. నాకు రెట్టింపైంది.

ఎనభైల్లో ఒక ఎండాకాలం ఆయనకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. ఇక నడిచి రావడమన్నది లేదు. పాస్టరుగారు మంచం దగ్గరే బల్ల ఇస్తామన్నారు, అమ్మ రొట్టె చేసింది, నాయనా అక్కా నేనూ దాన్ని పట్టుకుని పోయాం. అమ్మ కూడా వచ్చింది గానీ అరుగు దగ్గరే ఆగిపోయింది. అప్పటికి అక్కకు పెళ్లయింది, జడ నడుము దాకా వచ్చింది. అక్క మంచం మీద ఆయన పక్కన కూర్చుంది, ఒకప్పుడు ఆయన తాగుబోతుల పక్కన కూర్చున్నట్టే. కదిలే చెయ్యి పట్టుకుని, ఇప్పటికైనా అడుగు పెద్దనాయనా అంది. ఆయన చాలాసేపు ఆ జడ వంక చూశాడు. మాట ముద్దగా వచ్చింది.

"ఏమ్మా, నీ తలకేమయింది?"

"జరం వచ్చింది పెద్దనాయనా. వెంట్రుకలన్నీ రాలిపోయినాయి."

అంతే. ఆయన కంటి నుంచి నీళ్లు దిండు మీదికి కారాయి, పాస్టరుగారు రొట్టె విరిచారు, అక్క అన్నేళ్ల తర్వాత మొదటిసారి తిన్నది. తలుపు అవతల ఉన్న అమ్మ వైపు నేను చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వీధి వైపు తిరిగి నిలబడింది. తర్వాతి నెల అమ్మ కూడా చెయ్యి చాపి రొట్టె తీసుకుంది. ఆయన అడిగినాడు గదా అంది నాతో. నేనూ తీసుకున్నాను, కానీ ఆ ప్రశ్న మా ఇంటి గడప లోపలికి వచ్చి అడిగింది కాదన్న సంగతి మింగుడు పడలేదు. ఇప్పటికీ పడలేదు.

ఇక ఈ కొత్త చర్చి సంగతి. ఆ మొదటి ఆదివారం జారిన గుడ్డను మనవరాలు సర్ది మళ్లీ కట్టింది. తర్వాతి వారాల్లో నేను కావాలనే గుడ్డ లేకుండా పోయాను. తిరుపతిలో, కొండ కళ్లెదుట కనపడే ఊళ్లో, బోడితలతో క్రైస్తవుల మధ్య ముందు వరుసలో కూర్చున్నాను. ఎవరైనా ఒక్క మాట అంటారని, అంటే మా అక్క అనలేకపోయినదంతా ఈ గోడలు అదిరేలా అందామని కాచుకుని కూర్చున్నాను. ఎవ్వరూ అనలేదు. తలుపు దగ్గర ఒక అమ్మాయి నవ్వుతూ చేతికి చిన్న ప్లాస్టిక్ గిన్నె ఇచ్చింది, అందులోనే రసం, మూత మీద బిళ్లంత రొట్టె. పక్క కుర్చీ ఆమె తన సంచీ జరిపి చోటిచ్చి ఫోను చూసుకుంది. మైకులో పాస్టరుగారు మమ్మల్నందరినీ ప్రియులారా అన్నారు. ఇక్కడ ఎవర్నీ చెప్పుల దగ్గరికి పంపరు, అది మంచిదే, మా అక్కకు ఇలాంటి చోటు దొరికి ఉంటే అంత ఏడ్చేది కాదు. కానీ ఎవరింటికీ ఎవరూ పోరు. నేను తప్పు చేసి వచ్చానో జబ్బుతో వచ్చానో తెలుసుకోవాల్సిన పని ఇక్కడ ఎవరికీ లేదు.

పోయిన ఆదివారం కూడిక అయ్యాక అందరూ వెళ్లేదాకా కుర్చీలోనే కూర్చున్నాను. కుర్చీలు సర్దే అబ్బాయి వచ్చి, అవ్వా, ఆటో పిలవమంటావా అని అడిగాడు. ఇంకేమైనా అడుగుతాడేమోనని వాడి మొహం వంక చూశాను. వాడు పక్క కుర్చీ ఎత్తుకుని వెళ్లిపోయాడు.