మందం తీగ

మా చిన్నమామ దుబాయిలో చాలా ఏళ్లు జనరేటర్ల దగ్గర పనిచేసి పెద్దపల్లికి తిరిగొచ్చాడు. వస్తూ రెండు పెద్ద స్పీకర్లు తెచ్చుకున్నాడు. ఏ వైరు చేతికిచ్చినా కొస ఒలిచి, రాగి పోగులను వేళ్ల మధ్య నలిపి చూసేవాడు.

"దూరం ఎక్కువైతె తీగ మందం ఉండాలెరా. సన్నదైతె ఆవాజ్ దార్లనే సచ్చిపోతది," అనేవాడు నాతో.

మాట నిజమే. ముందుగదిలోని ఆంప్లిఫయర్ నుంచి వెనకగది దాకా వేసిన సన్న వైరు తీసి మందంది వేస్తే పాట నిండుగా వచ్చింది. కానీ కొన్నాళ్లకే "మళ్ల ఆవాజ్ తగ్గింది" అంటూ ఇంకా మందంది తెచ్చాడు. తర్వాత ఇంకొకటి. ప్రతిసారీ సౌండూ పెంచేవాడు. ఆ మోతకు అత్త ఆయన చూడకుండా చెవులు మూసుకునేది.

చివరిసారి వేలెడు లావు వైరు బిగించి, "గిప్పుడెట్లున్నదే?" అని అడిగాడు.

"మంచిగున్నది!" అని గట్టిగా అరిచి చెప్పింది అత్త. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

మామ ఆ కళ్లను చూశాడు. వెళ్లి స్పీకరు మీద అరచేయి పెట్టాడు. అది గడగడా అదురుతోంది.

"వైరు మంచిదేనే," అన్నాడు మెల్లగా. "నాకే ఇనవస్తలేదు."

అత్త పాట ఆపేసింది. అదురు ఆగిన తర్వాతే ఆయన చేయి తీశాడు.